అమ్మ మిషను సొరుగు

పోయిన వారం అమ్మ సంవత్సరీకం అయింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ముందుగదిలో మూలకు జరిపి పెట్టిన కుట్టుమిషను మీది దుప్పటి తీసి కుడిపక్క సొరుగు లాగాను. మిషను నూనె, సుద్దముక్క, తుప్పు పట్టిన హుక్కులు. వాటి అడుగున ఇంకో వాసన, కొంచెం పులిసినట్టు. మైదా జిగురు. బట్టను గట్టిగా నిలబెట్టే బక్రం గుడ్డ కొనడానికి డబ్బులు చాలనప్పుడు అమ్మ మైదా ఉడకబెట్టి, పాత చీర ముక్కలను దాంతో ఒకదాని మీద ఒకటి అంటించి, దండెం మీద ఎండబెట్టి, డాన్సు డ్రస్సుల నడుము పట్టీల్లో పెట్టి కుట్టేది. ఆ వాసనతో పాటు గజ్జెల చప్పుడు కూడా వచ్చింది నాకు.

సొరుగు అడుగున నాడాతో కట్టిన కాగితం కటింగుల కట్ట ఉంది. మెడలవి, చేతులవి, పైటలవి. అది అప్పుడు విప్పలేదు. పక్కన పెట్టి అక్కడే కింద కూర్చుండిపోయాను.

మాది వరంగల్ కొత్తవాడ. నాన్న ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు సైరన్‌తోనే మా గల్లీ లేచేది, సైరన్‌తోనే పొయ్యి మీద అన్నం దిగేది. గడియారం లేని ఇల్లు ఉండేదేమో గానీ సైరన్ వినపడని ఇల్లు లేదు. చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్ళు. పొద్దుటి నుంచి మగ్గాల చప్పుడు ఒకే తాళంలో వినపడుతూ ఉండేది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచి అది ఆగితే, ఏదో జరిగినట్టు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేదాన్ని.

అమ్మ జాకెట్లు, లంగాలు, బడి పిల్లల బట్టలు కుట్టేది. డాన్సు డ్రస్సులు కుట్టడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. హన్మకొండలో కూచిపూడి నేర్చుకునే ఒక అమ్మాయికి బయటి ఊరి నుంచి కుట్టించి తెచ్చిన డ్రస్సు బిగుతైంది. లూజు చేసి ఇమ్మని అమ్మ దగ్గరికి తెచ్చారు. అమ్మ ఆ రాత్రి దీపం ముందు పెట్టుకుని కుట్లన్నీ విప్పేసింది. ముక్కలన్నీ చాప మీద వరసగా పరిచింది. పైజమా, పైట, నడుము పట్టీ, ముందు వేలాడే కుచ్చిళ్ళ విసనకర్ర. నాకు భయమేసింది, పొద్దున వాళ్ళొస్తే ఏం చెప్తుందని. "కుట్టింది చూస్తె ఏం తెల్వది బిడ్డా. ఇప్పితెనే తెలుస్తది" అంది. తెల్లారేసరికి డ్రస్సు మళ్ళీ డ్రస్సయింది, ఆ అమ్మాయికి సరిపోయింది. విసనకర్ర ఇంకో నాలుగు కుచ్చిళ్ళు ఎక్కువగా విచ్చుకుంది కూడా. అప్పటి నుంచి హన్మకొండ మాస్టారు తన శిష్యురాళ్ళందరినీ అమ్మ దగ్గరికే పంపేవారు.

కొలతలకు అమ్మే వెళ్ళేది. నన్ను వెంట తీసుకుపోయేది, బట్టల మూట మోయడానికి. అలా మొదలైంది నాకు రిహార్సల్ చూడడం.

బడి వదిలాక ఒక గదిలో బెంచీలు గోడకు నెట్టి క్లాసు జరిగేది. కింద షాబాదు బండలు. మాస్టారు గోడకు ఆనుకుని కూర్చుని, పీట మీద కర్రతో తాళం వేస్తూ నోటితో జతులు చెప్పేవారు. తకధిమి తకఝణు. కర్ర దెబ్బకు, పదిమంది పాదాల దెబ్బకు మధ్య వెంట్రుకంత తేడా ఉన్నా ఆయన చెయ్యి ఆగేది. తిట్టేవారు కాదు. "మళ్ళీ" అనేవారు, అంతే. ఒక సాయంత్రం మొత్తం ఒకే తీర్మానం, అంటే జతి ముగింపు అడుగుల వరస, చేయించారు. బయట చీకటి పడింది, దోమలొచ్చాయి, అమ్మ నాలుగు జాకెట్లకు చేతికుట్టు వేయడం అయిపోయింది, ఆ అమ్మాయిలు ఇంకా అదే ముక్క మీద ఉన్నారు. ముప్పయ్యోసారో నలభయ్యోసారో, చెప్పలేను, ఉన్నట్టుండి పదిమంది పాదాలు ఒక్క పాదమైపోయాయి. గది మొత్తం ఒక్కసారి కొట్టుకున్న గుండెలాగా. మాస్టారు కర్ర కింద పెట్టి "ఆఁ" అన్నారు. వాళ్ళ మొహాలు చూడాలి అప్పుడు. ఆ తర్వాత చాలా స్టేజీలు చూశాను గానీ, అంతటి వెలుగు మళ్ళీ చూసిన గుర్తు లేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక బండల మీద చెమట పాదాల గుర్తులు ఉండేవి. దగ్గరగా వంగి చూసేదాన్ని. ఐదు వేళ్ళూ విడివిడిగా, అరికాలి వంపు దగ్గర ఖాళీ, మడమ గుండ్రంగా. బాగా తొక్కే అమ్మాయి గుర్తు నిండుగా ఉండేది, భయపడుతూ తొక్కే అమ్మాయిది అంచుల్లోనే ఉండేది. గుర్తును బట్టి ఎవరిదో చెప్పగలిగేదాన్ని. చూస్తుండగానే మడమ ముందు ఆరిపోయేది, వేళ్ళు ఆఖరున.

అమ్మ నిలబెట్టి కొలతలు తీసుకునేది కాదు. "అరమండి కూసో బిడ్డా" అనేది. అమ్మాయి మడమలు కలిపి, మోకాళ్ళు పక్కలకు విప్పి కూర్చుంటే, టేపు పట్టుకుని చుట్టూ తిరిగేది. నిలబడ్డప్పుడు సరిపోయిన డ్రస్సు ఆడేటప్పుడు చిరుగుతుందని ఆమెకు మొదటి నెలలోనే అర్థమైంది. అరమండి లోతుగా కూర్చోగలిగేవాళ్ళకు ఒక కొలత, కూర్చోలేనివాళ్ళకు ఇంకో కొలత. మాస్టారు ఒకసారి నవ్వి, "అమ్మా, ఎవరికి అరమండి సరిగా రాదో మీ కొలతల పుస్తకం చూసి చెప్పొచ్చు" అన్నారు. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడేవారు. అమ్మ ఆయన్ని 'పంతులుగారు' అనేది.

ఇంట్లో నేను ఒక్కదాన్నే గిరగిరా తిరిగి కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని. అది ఆయన చూసి, గోడకున్న మేకు చూపించారు. "ఒళ్ళు తిరిగినా చూపు దాన్ని వదలకూడదు. తల ఆఖరున తిరగాలి, అందరికంటే ముందు తిరిగి రావాలి" అన్నారు. ఫీజు కట్టి నేర్చుకునే స్తోమత మాకు లేదు. ఆ మేకు మాత్రం ఉచితంగా దొరికింది నాకు.

జూన్ వస్తే నోటుబుక్కులకు అట్టలు వేసుకోవాలి. మా ఇంట్లో అట్టలంటే 'సోవియట్ భూమి' పత్రిక కాగితాలే. మిల్లులో నాన్న స్నేహితుడొకరు తెప్పించేవాడు, చదివాక కట్టలుగా మాకిచ్చేవాడు. నున్నటి మందపాటి కాగితం, రంగుల బొమ్మలు. క్లాసులో సగంమంది పుస్తకాల మీద ట్రాక్టర్లు, గోధుమ చేలు, రాకెట్లు. నా లెక్కల పుస్తకం మీద ఒక హంస పడింది.

అంటే ఒక నాట్యకత్తె. వెనక నుంచి తీసిన ఫోటో. తెల్లటి గుండ్రటి కుచ్చుల స్కర్టు, తలకు ఈకలు, రెండు చేతులూ రెక్కల్లా చాపి. ఆ చేతుల్లో ఎముకలున్నాయంటే నమ్మలేం. భుజం దగ్గర మొదలైన అల మోచేయి దాటి, మణికట్టు దాటి వేళ్ళ చివర ఇంకా కదులుతున్నట్టే ఉంది, ఫోటోలో కూడా. కింద పేరు మాయా ప్లిసెత్స్‌కయా అని. పలకడానికే వారం పట్టింది నాకు. ఆమె కాళ్ళు చూసి ఆగిపోయాను. బొటనవేలి కొస మీద నిలబడి ఉంది. మా మాస్టారు నేలను గట్టిగా తొక్కమంటారు, ఈమెకు నేల అక్కరే లేనట్టుంది.

అమ్మకు చూపిస్తే ఆమె చేతులు చూడలేదు, కాళ్ళూ చూడలేదు. కళ్ళద్దాలు సర్దుకుని స్కర్టు మీద వేలు పెట్టింది. "గీ నెట్టు గిట్ల పళ్ళెం తీరు నిలవడాల్నంటె ఎన్ని పొరలు ఎయ్యాలె? తీగె ఏమన్న పెట్టిన్రా లోపట?" పుస్తకాన్ని అటూ ఇటూ వంచి, వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూసింది. తనకు తెలియని కుట్టు కనపడితే అమ్మకు అన్నం సయించేది కాదు.

ఆ పుస్తకం రిహార్సల్‌కు తీసుకుపోయాను. మాస్టారు చూసి తాళం ఆపేశారు. అమ్మాయిలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, దీన్ని బ్యాలే అంటారని చెప్పారు. ఈమె కంటే ముందుతరంలో అన్నా పావ్లోవా అని ఒకావిడ ఉండేదని, చనిపోతున్న హంసగా ఆమె ఆడితే కొద్ది నిమిషాల్లో జనం కన్నీళ్ళు పెట్టుకునేవారని. ఆవిడ మన దేశం వచ్చి చూసి వెళ్ళిందని. లండన్‌లో బొమ్మలు గీయడం చదువుకుంటున్న ఉదయశంకర్‌ను పట్టుకుని, 1923లో తాను రాధగా, అతను కృష్ణుడిగా ఆడిందని. తర్వాత భరతనాట్యానికి పేరు తెచ్చిన రుక్మిణీదేవి మొదట బ్యాలే నేర్చుకుంటుంటే, మీ నాట్యం మీ దేశంలో వెతుక్కోమని చెప్పింది కూడా ఆవిడేనని. అంత దూరపు మనిషికి, మా షాబాదు బండల గదికి మధ్య ఒక దారం ఉందని ఆ రోజు తెలిసింది. చివరికి ఆయన తన అరచేతిని నేల మీద ఆనించి, నెమ్మదిగా వేళ్ళ కొసల మీదికి లేపి చూపించారు. "మనం భూమిలోకి వెళ్తాం, వాళ్ళు ఆకాశంలోకి వెళ్తారు. చెమట మాత్రం ఒకటే" అన్నారు.

స్టేజీ మీద జరిగేది నేను ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. సూదీదారం పట్టుకున్న అమ్మ పక్కన, స్టేజీ పక్క తెర చాటున, వింగులో నిలబడి చూసేదాన్ని. అక్కడి నుంచి మొహాలు సగమే కనపడతాయి. కానీ ఎదుటివాళ్ళకు కనపడనిది ఒకటి కనపడుతుంది, ఊపిరి.

ఒకసారి హన్మకొండలో వార్షికోత్సవం. సత్యభామ వేషం వేసిన అమ్మాయి ఆడుతూ ఆడుతూ మా వైపు తిరిగినప్పుడు చూస్తే నడుము దగ్గర విసనకర్ర కుట్టు ఊడి, ఒక పక్కకు వేలాడుతోంది. అమ్మ మొహం తెల్లబోయింది. ఆ అమ్మాయి మాత్రం గాబరా పడలేదు. చెయ్యి నడుము మీద పెట్టుకుని, అలిగినట్టు ఆ కుచ్చిళ్ళను మోచేత్తో అదిమి పట్టింది. అది కూడా సత్యభామ కోపమే అనుకున్నారు జనం. పాట చరణం మారేలోపు వింగులోకి వచ్చింది. వస్తూనే మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగిపోయింది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. చెమట ముక్కు కొస నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. అమ్మ నేల మీద మోకాళ్ళేసి ఒంటి మీదే కుడుతోంది, నేను టార్చి పట్టుకున్నాను. "ఊపిరి పీల్చకు బిడ్డా, సూది గుచ్చుకుంటది" అంది అమ్మ. అంత ఆయాసంలో ఆ పిల్ల నిజంగానే ఊపిరి బిగబట్టింది. ఏడెనిమిది కుట్లు. దారం పళ్ళతో తెంపింది. లోపల మృదంగం పిలిచింది. పిల్ల నిటారుగా లేచింది. వింగు దాటే ఆ ఒక్క అడుగులో ఆయాసం ఎక్కడికి పోయిందో, నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో! అడుగు వెనక ఉన్నది అలిసిపోయిన పదహారేళ్ళ పిల్ల. అడుగు ముందుకు పడ్డది సత్యభామ. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క అడుగు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

పేరిణి రిహార్సల్ ఒక్కసారే చూశాను. ఎక్కడో ఉత్సవానికి మగపిల్లల బృందానికి నడుము గుడ్డలు కుట్టాల్సి వచ్చింది అమ్మకు. గదిలో కాదు, ఆరుబయట మట్టి నేల మీద సాధన. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప తన 'నృత్తరత్నావళి'లో రాసిన నాట్యం అది. ఎప్పుడో ఆగిపోయినదాన్ని ఆ పుస్తకం, రామప్ప గుడి శిల్పాలు దగ్గర పెట్టుకుని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ మళ్ళీ నిలబెట్టారు. డప్పులు మోగుతుంటే ఆ పిల్లలు నేలను తొక్కిన తొక్కుడుకు నా అరికాళ్ళకు అదురు తెలిసింది. అమ్మ కొలతల పుస్తకం మూసేసి, "వీళ్ళకు కుట్టు ఆగదు, ముడే పెట్టాలె" అంది. అలాగే బొందెలు కుట్టి ముడులే పెట్టించింది.

ఆ డబ్బులతోనే మమ్మల్ని రామప్పకు తీసుకుపోయింది. అప్పటికింకా ఇంత పేరు లేదు ఆ గుడికి, యునెస్కో గుర్తింపు 2021లో కదా వచ్చింది. చూరు కింద ఆ నల్లరాతి ఆడబొమ్మలను, మదనికలను తలెత్తి చూసి చూసి మెడ పట్టేసింది నాకు. వాళ్ళలో ఒకామె ఎత్తు మడమల చెప్పులు వేసుకుని ఉంటుంది. 1213 నాటి గుడి! నాకు లెక్కల పుస్తకం మీది హంస గుర్తొచ్చింది. అమ్మ మాత్రం ఇంకో మదనిక నడుము దగ్గరే ఆగిపోయింది. రాతిలో చీర అంచు తొడ మీద మడత పడ్డ తీరు చూసి, "చెక్కినాయనకు బట్ట సంగతి తెలుసు" అంది.

తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. మాస్టారు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయారు. 'సోవియట్ భూమి' రావడం ఆగింది, ఆ దేశమే లేకుండా పోయింది. 1991 ఆగస్టులో మాస్కోలో కుట్ర జరుగుతున్నప్పుడు అక్కడి టీవీలో వార్తలకు బదులు 'స్వాన్ లేక్' బ్యాలే వేశారని చాలా ఏళ్ళకు చదివాను. టీవీలో హంసలు కనపడితే ఏదో చెడు జరిగిందని అక్కడి జనం అనుకునేవారట. నాన్న ఉండి ఉంటే చెప్పాలనిపించింది. మిల్లు 2002లో మూతపడింది. సైరన్ లేని మొదటి రోజుల్లో అమ్మ పొద్దున లేచి, అన్నం ఎప్పుడు వండాలో తెలియనట్టు పొయ్యి ముందు కూర్చునేది.

ఆఖరి ఏళ్ళలో అమ్మకు చూపు తగ్గింది. మిషను తొక్కడం మానేసింది. ఖాళీగా కూర్చోలేదు కదా, దిగులు పట్టుకుంది. అలాంటప్పుడు ఒకరోజు యూట్యూబ్‌లో ప్రపంచ బ్యాలే దినం దొరికింది. 2014 నుంచి ఏటా ఒకరోజు పెద్ద పెద్ద బ్యాలే కంపెనీలు తమ రిహార్సల్స్‌ను లోకమంతా చూసేలా లైవ్‌లో పెడుతున్నాయి. స్టేజీ కాదు, రిహార్సల్! టీవీకి కలిపి, అమ్మను దగ్గరగా కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం దాటాక లండన్ రాయల్ బ్యాలే వాళ్ళ క్లాసు మొదలైంది. పెద్ద గది, అద్దాలు, గోడ పొడుగునా చెక్క కమ్మీ. ఎంత పేరున్న నర్తకి అయినా పొద్దున్నే వచ్చి, ఆ కమ్మీ పట్టుకుని మోకాళ్ళు నెమ్మదిగా వంచడంతోనే మొదలుపెట్టాలి. రోజూ. చిన్నపిల్లలకు నేర్పే మొదటి పాఠమే వాళ్ళకూ మొదటి పాఠం. మోకాళ్ళు పక్కలకు విచ్చుకుని కిందికి దిగగానే అమ్మ "అరమండి!" అంది. ఆమె గొంతులో ఎన్నేళ్ళకో హుషారు విన్నాను. పట్టు డ్రస్సులు లేవు, కిరీటాలు లేవు. ఊలు సాక్సులు, చిరుగులు పడ్డ స్వెట్టర్లు, ఒకమ్మాయి నడుముకు ఏదో షర్టు చుట్టుకుంది. మూలన ఒకాయన పియానో వాయిస్తున్నాడు. టీచరు నోటితో ఏదో అంటూ చేతులతోనే అడుగులు చూపించేస్తున్నాడు, అరచేతులే పాదాలైనట్టు. మా మాస్టారు నేల మీద వేళ్ళు లేపి చూపించిన రోజు నాకు గుర్తొచ్చింది. క్లాసు చివర అందరూ టీచరుకు, పియానో ఆయనకు చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఇంకో వీడియోలో ఒక నర్తకి నేల మీద కూర్చుని తన బూట్లకు రిబ్బన్లు తానే కుట్టుకుంటోంది. అమ్మ ముందుకు జరిగింది. ఆ అమ్మాయి రిబ్బన్ కత్తిరించి, లైటర్ వెలిగించి, కత్తిరించిన అంచును మంటకు అలా తాకించి తీసేసింది, పోగులు ఊడిపోకుండా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నైలాన్ అంచులకు ఆమె చేసేది సరిగ్గా అదే. కొవ్వొత్తి వెలిగించి, అంచును ఇట్లా చూపించి, కరిగిన చోట చిటికెన వేలు తడిపి అద్దేది. ఆ వేలి కొస ఎప్పుడూ గట్టిగా, నున్నగా ఉండేది. "గా పిల్లకు ఎవలు చెప్పిన్రో గీ ముచ్చట" అంది.

బూటు ముందు భాగం అంత గట్టిగా ఎందుకుంది, లోపల కర్ర పెట్టారా, ఇనుమా అని అడిగింది. నేను వెతికి చదివి చెప్పాను. కర్రా కాదు, ఇనుమూ కాదు. గుడ్డ, గోనెపట్ట, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి ఎండబెడతారు. ఆ జిగురులో పిండి కూడా ఉంటుంది. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "మన నడుం పట్టీ లెక్కనే" అంది తర్వాత. చెమటకు ఆ జిగురు మెత్తబడిపోతుందని, పెద్ద పాత్ర ఆడితే ఒక్కోసారి ఒక్క రాత్రికే ఆ జత పనికిరాకుండా పోతుందని చెప్తే, "గంత కష్టం ఒక్కపూటకేనా" అని బాధపడింది. మళ్ళీ తనే, "ఆడినంక పోతె పోనియ్యి. ఆడకుండ పెట్టెల ఉంటె ఏం ఫాయిదా" అంది.

'స్వాన్ లేక్' కూడా చూపించాను. నల్లహంస ఒంటికాలి మీద ముప్పై రెండు చుట్లు తిరిగే చోటు. అమ్మ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది, కుచ్చిళ్ళు లెక్కపెట్టినట్టు. నేను ఆ నర్తకి తల చూస్తున్నాను. ఒళ్ళు తిరిగిపోతున్నా చూపు ఒక్కచోటే, తల ఆఖరున తిరిగి అందరికంటే ముందు వచ్చేస్తోంది. ఎక్కడో ఎదుటి గోడ మీద ఆమెకూ ఒక మేకు ఉంది. మాయా ప్లిసెత్స్‌కయా ఈ హంసను 800 సార్లకు పైగా ఆడిందని, 2015లో పోయిందని చెప్పాను. అమ్మకు పేరు గుర్తు లేదు. "లెక్కల పుస్తకం మీది పిల్ల" అంటే వెంటనే గుర్తుపట్టింది. "పోయిందా" అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది, చుట్టం సంగతి విన్నట్టు.

సంవత్సరీకం నాటి రాత్రి పదకొండు దాటాక, పక్కన పెట్టిన ఆ కటింగుల కట్ట విప్పాను. వార్తాపత్రికలవి, సిమెంటు సంచులవి, కొన్ని పాత క్యాలెండర్లవి. మధ్యలో ఒకటి నున్నగా తగిలింది. 'సోవియట్ భూమి' కాగితం, నాలుగు మడతలు. అట్ట మడిచిన గీతలు ఇంకా ఉన్నాయి. ఆ ఏడాది బడి అయిపోయాక పుస్తకాలు పాతసామాన్లవాడికి వేసినప్పుడు హంస కూడా పోయిందనుకుని ఏడ్చాను నేను. పోలేదు. రంగు వెలిసింది గానీ, చేతుల్లో అల అలాగే ఉంది.

వెనక్కి తిప్పితే పెన్సిల్ గీతలు. అమ్మకు అక్షరాలు అంతగా రావు, అంకెలు మాత్రం పొందికగా వేసేది. ఒక గుండ్రం, దాని లోపల ఇంకో గుండ్రం. పక్కన నెట్టు గజాలు, ఎదురుగా ధర, కింద కూడిక. పొరలు 8 అని వేసి, కొట్టేసి, 10 అని వేసింది. గుండ్రం మధ్యలో నడుము కొలత, 21.

ఆ ఏడు నా బడి లంగా నడుము ఇరవై ఒకటి.